పెయ్య ఈనేలోపు మనిషి అలవాటు కావాలి

మా ఇంట్లో ఎప్పుడూ నాలుగైదు ఆవులు ఉంటాయి. వాటి దగ్గర మా అత్తయ్య చెయ్యి మంచిదని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. అందుకని నాకు ఏటా కొన్ని ఫోన్లు తప్పకుండా వస్తాయి. అన్నిట్లోనూ ఒకటే గోడు. "అక్కా, తొలిచూలు ఆవు ఈనింది. పొదుగు మీద చెయ్యి వెయ్యనివ్వట్లేదు. ఇద్దరం పట్టుకున్నా ఆగట్లేదు, ఎగిరెగిరి తంతోంది. ఏం చెయ్యమంటావు?" వెనకాల దూడ అరుపు, ఎవరో మగమనిషి కేకలు వినిపిస్తుంటాయి.

నా జవాబు అడిగినవాళ్లకు నచ్చదు. ఈ పని ఇవాళ మొదలుపెట్టేది కాదు. పెయ్యకు చూడి నిలిచిందని తెలిసిన రోజున మొదలుపెట్టాల్సింది. ఇప్పుడైనా దారి ఉంది, అదీ రాస్తాను. కానీ అసలు చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. తొలిచూలు ఆవు తన్నుబోతు అయిందంటే చాలావరకు ఆ తప్పు దాన్ని పెంచిన పద్ధతిది. పొగరని, జాతే అంతని, దిష్టి తగిలిందని ఎన్ని అనుకున్నా సరే, ఇన్నేళ్లలో మనిషి చేతి నుంచి ఆ పశువుకు ఏం అందిందో లెక్క చూసుకుంటే విషయం అర్థమైపోతుంది.

ఆ లెక్క ఒకసారి వేద్దాం. పుట్టిన కొత్తలో ఆడదూడ ఇంటిల్లిపాదికీ ముద్దు. పిల్లలు ఎత్తుకుంటారు, ఫోటోలు తీస్తారు. వారం పది రోజుల్లో ఆ ముచ్చట తీరిపోతుంది. తర్వాత దాన్ని తల్లి పొదుగు దగ్గర నుంచి లాగి గుంజకు కట్టేసేది మనిషి. కొమ్ములు రాకుండా కాల్పించేది మనిషి. చెవికి పన్నెండు అంకెల పసుపు బిళ్ల గుచ్చేది మనిషి. నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు బ్రూసెల్లా టీకా, ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా. ఎదకొచ్చాక ట్రెవిస్‌లో, అంటే పశువు కదలకుండా నిలబెట్టే చట్రంలో, బిగించి చూడి సూది వేయిస్తాం. ఆ తర్వాత చూడి పరీక్ష. ఇవన్నీ కావాల్సినవే, ఒక్కటి కూడా మానమని నేననను. కానీ వీటి మధ్యలో మనిషి వల్ల దానికి కలిగిన సుఖం ఏదైనా ఉందా? పొద్దున తాడు విప్పి బీడుకు తోలతాం. సాయంత్రం కట్టేసి దూరం నుంచి గడ్డి వేస్తాం. ఒట్టిపోయిన పశువుకూ, ఇంకా ఈనని పెయ్యకూ మిగిలిన మేతే. దగ్గర నిలబడి ఒళ్లు నిమిరేవాళ్లు ఉండరు. పాలివ్వని పశువు దగ్గర ఎవరికి పని?

అలా పెరిగిన పెయ్య ఒక రోజు ఈనుతుంది. నొప్పులు పడి అలసిపోయి ఉంటుంది. పక్కన కొత్త దూడ. పొదుగు వాచి గట్టిపడి ఉంటుంది. అదే పూట మనం బిందె పట్టుకుని వెళ్లి, అంతకుముందు ఎన్నడూ తాకని చోట, ఒంట్లో అన్నిటికంటే నొప్పిగా ఉన్న చోట చెయ్యి వేస్తాం. అది తన్నకపోతే ఆశ్చర్యపడాలి.

మా ప్రకాశం జిల్లా, గుంటూరు, పల్నాడు వైపు నాకు అస్సలు అర్థం కాని విషయం ఒకటుంది. పశువును మచ్చిక చేసుకోవడం మనవాళ్లకు రాక కాదు. బండలాగుడు పందేలకు ఒంగోలు గిత్తలను పెంచే ఇళ్లకు వెళ్లి చూడండి. ఉడకబెట్టిన ఉలవలు, పూటపూటా నడక, ఒళ్లు రుద్దడం, రాత్రి కొట్టంలోనే మంచం వేసుకుని పడుకునే మనిషి. వేలమంది జనం, మైకుల మోత మధ్య ఆ గిత్త తన మనిషి వెంట నడుస్తుంది. (పందెంలో చెర్నకోలా వాడకం నాకు ఇష్టం లేదు, అది వేరే చర్చ.) అసలు ట్రాక్టర్లు రాకముందు కోడెను కాడికి మరిపేటప్పుడు అనుభవం ఉన్న ఎద్దు పక్కన కట్టి, ఉత్త కాడితో కొన్నాళ్లు నడిపించి, తర్వాతే బరువు పెట్టేవారు. మగ పశువు విషయంలో ముందు నేర్పాలి, తర్వాత పని చేయించుకోవాలి అన్న జ్ఞానం ఇంత ఉంది. ఆడ పశువు దగ్గరకు వచ్చేసరికి అదేమైపోతుందో తెలియదు. ఈనగానే పాలు పిండించుకోవడం దానికి పుట్టుకతో వచ్చి ఉండాలన్నట్టు చూస్తాం. పొదుగు పక్కన చెంబుతో ఒక కొత్త మనిషి కూర్చుంటే కాళ్లు కదపకుండా నిలబడటం కూడా నేర్పాల్సిన పనే.

ఆవు మనలాగా చూడదు, మనలాగా వినదు. ఇది తెలియకపోతే మచ్చిక మొదలే కాదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల తల తిప్పకుండానే దాదాపు 330 డిగ్రీల మేర చూడగలదు. సరిగ్గా వెనకవైపు కొద్ది భాగం మాత్రం దానికి కనపడదు. రెండు కళ్లూ కలిసి చూసే చోటు ముందువైపు కొంచెమే ఉంటుంది కాబట్టి లోతు సరిగ్గా అంచనా వెయ్యలేదు. తల దించి, ఆగి చూస్తే తప్ప కింద ఉన్నది నీడో గుంటో తేల్చుకోలేదు. కొట్టం గుమ్మంలో మొరాయిస్తోందని మనం తోక మెలిపెట్టేది ఇలాంటప్పుడే. ఎండలోంచి చీకటి కొట్టంలోకి వస్తే దాని కళ్లు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సేపు కావాలి. ఇక చెవులు. మన చెవికి సుమారు 20 వేల హెర్ట్జ్‌ల దాకానే వినపడుతుంది, ఆవుకు 35 వేల దాకా వినపడుతుంది. రేకుల షెడ్డులో స్టీలు బిందె ఠంగుమన్నా, ఎవరైనా కీచుగా అరిచినా అది ఎందుకు ఉలిక్కిపడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రతి పశువూ తన చుట్టూ కొంత జాగా తనదనుకుంటుంది. మనిషి ఆ జాగాలోకి అడుగుపెడితే జరుగుతుంది. ఇంకా లోపలికి వస్తే పారిపోతుంది. పారిపోయే వీలు లేకపోతే తంతుంది, పొడుస్తుంది. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ టెంపుల్ గ్రాండిన్ పశువుల దొడ్లు, దారులు ఎలా కట్టాలి, వాటిని ఎలా తోలాలి అని దశాబ్దాలుగా చెబుతున్న దానికంతటికీ ఆధారం ఈ సంగతే. మచ్చికైన ఆవుకు ఆ జాగా జానెడు కూడా ఉండదు. బీడులో తిరిగి పెరిగిన పెయ్యకు అది కొట్టం అంత ఉంటుంది. ఇక్కడే మనం చేసే పొరపాటు పని ఏమిటంటే, పెయ్యను పలుపుతో దగ్గరగా బిగించి కట్టేసి, అప్పుడు దగ్గరికి వెళ్తాం. దానికి పారిపోయే దారి మూసేశాం. మిగిలింది తన్నడమే. తన్నగానే మనం వెనక్కి దూకుతాం. మనిషిని దూరంగా పంపాలంటే తన్నాలి అని ఆ పూట దానికి మనమే నేర్పినట్టు.

అత్తయ్య దీన్ని తిరగేసి చేస్తుంది. మా ఎర్ర పెయ్య విషయంలో ఆమె చేసింది దగ్గరుండి చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆ పెయ్య జెర్సీ సంకరం, తల్లి కూడా బెదురు గొడ్డే. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని ఊరికే అనలేదు. మనిషి వస్తుంటే తల్లి చెవులు నిక్కబొడుచుకుని పక్కకు జరగడం రోజూ చూసిన దూడ తనూ అదే నేర్చుకుంటుంది. గేటు తీస్తే చాలు, ఈ పెయ్య తాడు బిగిసేదాకా వెనక్కి పోయి కళ్లు తెల్లగా చేసి చూసేది. అత్తయ్య మొదట చేసింది దాని స్థలం మార్చడం. మూలన ఒంటరిగా ఉన్నదాన్ని తెచ్చి మా ముసలి ఆవు పక్కన కట్టింది. ఆవు మంద జంతువు, ఒంటరిగా ఉంటే ఊరికే భయపడుతుంది. పక్కన ఉన్న పెద్దావు నెమరు వేస్తూ మనిషిని పట్టించుకోకపోతే చిన్నది కూడా సగం కుదుటపడుతుంది. మెడకున్న జారుముడి తీసేసి, లాగినా బిగుసుకోని ముడి వేసింది. బెదిరి వెనక్కి గుంజినప్పుడల్లా గొంతు నొక్కుకుపోతే మనిషి రావడానికీ ఊపిరాడకపోవడానికీ దాని బుర్రలో లంకె పడిపోతుంది.

తర్వాత ఆమె చేసిన పని చూస్తే ఏమీ చెయ్యనట్టే ఉంటుంది. మధ్యాహ్నం పూట చేటలో కందిపప్పో చింతపండో వేసుకుని, పెయ్యకు ఎదురుగా కాకుండా దాని భుజం వైపు కొంచెం ఏటవాలుగా, అది జరగకుండా ఉండే దూరంలో పీట వేసుకుని కూర్చునేది. దాని కళ్లలోకి చూసేది కాదు. తన పని తను చేసుకుంటూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. పక్కింటి అబ్బాయి గోడ మీద నుంచి చూసి "ఏంది పిన్నీ, పెయ్యకి కబుర్లు చెప్తున్నావు?" అంటే, "నా గొంతు దానికి తెలియాలి కదరా. రేపు తెల్లారుజామున చీకట్లో పాలకొస్తే వచ్చింది ఎవరో దానికి తెలియద్దూ?" అంది.

పీట రోజుకు కాస్త దగ్గరికి జరిగేది. జరిగిన ప్రతిసారీ పెయ్య తల ఎత్తి చెవులు ముందుకు పెట్టేది. అప్పుడు ఆమె ఆగిపోయేది. అది చెవులు వదులు చేసి మళ్లీ గడ్డి అందుకుంటే, అప్పుడు తనే లేచి రెండడుగులు వెనక్కి వెళ్లేది. ఈ వెనక్కి వెళ్లడమే అసలు కీలకం. ఆ సంగతి నాకు చాలా రోజులు చూశాక గానీ అందలేదు. నెమ్మదిగా ఉంటే మనిషి తప్పుకుంటుంది, తన్నాల్సిన పని లేదు అని పెయ్యకు తెలిసేది అక్కడే. అది బెదిరి గంతులేస్తున్నప్పుడు మాత్రం ఆమె కదిలేది కాదు. గంతు ఆగేదాకా ఉన్నచోటే ఉండి, ఆగాక తప్పుకునేది. ఎప్పుడు వెనక్కి తగ్గుతున్నామో దాన్నిబట్టే పశువు నేర్చుకుంటుంది.

గాడి అంచున గుప్పెడు తవుడు, అప్పుడప్పుడు అరటి తొక్క, చిన్న బెల్లం ముక్క. గుప్పెడే. మచ్చిక పేరుతో దాణా ఎక్కువ పెడితే కడుపు చెడి కొత్త సమస్య వస్తుంది. చేతిలోది తినడం మొదలుపెట్టాక, ముందు తల జోలికి పోకుండా మెడ కింద గంగడోలు దగ్గర వేళ్లతో గోకింది. ఆవులు ఒకదాన్నొకటి ఎక్కువగా నాకేది తల, మెడ దగ్గరే. ఆ చోటే మనిషి నిమిరినా వాటికి హాయిగా ఉంటుందని వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించారు. మెడ సాచి, చెవులు వేలాడేసి నిలబడతాయట. ఎర్ర పెయ్య సరిగ్గా అలాగే నిలబడింది. గోకడం ఆపితే మెడతో ఆమె మోచేతిని పొడిచింది. 2020లో ఆ విశ్వవిద్యాలయం వాళ్లే పెయ్యల మీద ఇంకో పరిశీలన చేశారు. నిమురుతున్నప్పుడు మనిషి దగ్గరుండి మాట్లాడితే ఒక తీరు, అదే మనిషి గొంతు రికార్డు చేసి వినిపిస్తే ఒక తీరు. నేరుగా మాట్లాడినప్పుడే పెయ్యలు ఎక్కువ సేదతీరాయని వాటి గుండె కొట్టుకునే తీరును బట్టి తేల్చారు. అత్తయ్యకు ఇది చదివి వినిపిస్తే, "మరి మాట్లాడేవాళ్ల ఊపిరి తగలాలిగా" అంది.

మెడ నుంచి భుజం, భుజం నుంచి వీపు, కొబ్బరి పీచుతో రుద్దుతూ. చెయ్యి ఒకసారి ఒంటి మీద పెట్టాక తియ్యకుండా జరపాలి. తీసి తీసి పెడితే ప్రతిసారీ ఉలిక్కిపడుతుంది, ఈగ వాలినా కాలు విసిరే చోట అయితే మరీను. పొట్ట కిందికి, తొడ లోపలికి, చివరికి పొదుగు దగ్గరికి. అక్కడ మొదట అరచెయ్యి పెట్టలేదు, చేతి వెనకభాగం ఆనించింది. కాలు ఎత్తితే చెయ్యి తియ్యకుండా అలాగే ఉంచింది, దించాక తీసింది. ఈనడానికి ముందు నెలల్లో రోజూ పొదుగు తడిగుడ్డతో తుడవడం, పక్కన గొంతుక్కూర్చోవడం, ఖాళీ బిందె పెట్టి చప్పుడు చెయ్యడం దాకా వచ్చింది. పాలు మాత్రం తియ్యకూడదు. ఈనకముందే చన్నులు పిండితే వాటి కొనలు తెరుచుకుని పొదుగు జబ్బులకు దారవుతుంది, ముర్రుపాలు కూడా పోతాయి.

ఎర్ర పెయ్య ఈనిన రాత్రి ఇంట్లో అందరం టెన్షన్ పడుతుంటే ఆమె ఒక్కతే లోపలికి వెళ్లింది. మిగతావాళ్లను గుమ్మం దాటనివ్వలేదు. దూడను ముందు నాకనిచ్చి, తాగనిచ్చి, పక్కన కూర్చుని చన్ను పట్టుకుంది. ఒకసారి కాలు కదిపింది. అంతే.

ఇదంతా పశుప్రేమ, తీరిక ఉన్నవాళ్ల కబుర్లు అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. వాళ్లకోసం పాల లెక్కే చెప్తాను. పొదుగులో ఉన్న పాలలో ఎక్కువ భాగం, దాదాపు ఐదింట నాలుగు వంతులు, లోపల సన్నని గదుల్లో ఉంటాయి. మనం ఎంత గట్టిగా పిండినా అవి వాటంతట అవి కిందికి రావు. ఆవు చేపాలి, అంటే పాలు కిందికి వదలాలి. దూడ కుడిచినా, మనం పొదుగు కడిగి నిమిరినా మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై, రక్తంలో కలిసి, ఒకటి రెండు నిమిషాల్లో పొదుగు చేరి ఆ గదులను నొక్కుతుంది. దాని ప్రభావం కొద్ది నిమిషాలే. బెదిరిన ఆవు ఒంట్లో అడ్రినలిన్ అనే ఇంకో హార్మోన్ పెరుగుతుంది, చేపు ఆగిపోతుంది. 1941లోనే ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఆవు వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, కాగితం సంచులు ఢామ్మని పేల్చి మరీ దీన్ని చూపించారు. బెదిరిన ఆవులు పాలు దించలేదు. 1999లో కెనడాలో రషెన్, ఆయన తోటివాళ్లు చేసిన ప్రయోగం ఇంకా గట్టిది. ఇంతకుముందు తమను కొట్టిన మనిషి పాలు పిండేటప్పుడు ఊరికే దగ్గర నిలబడి ఉంటే చాలు, పొదుగులో మిగిలిపోయిన పాలు 70 శాతం పెరిగాయి. అతను తాకలేదు, అరవలేదు. ఊరికే ఉన్నాడు. కొట్టిన మనిషిని ఆవు గుర్తుపెట్టుకుంటుందా అని అడిగేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. అలా మిగిలిన పాలు పూటపూటా పొదుగులోనే ఉండిపోతే రాబడి తగ్గుతుంది, ఈతంతా దిగుబడి తగ్గుతుంది.

పేరు పెట్టి పిలవడం గురించి కూడా చెప్పాలి. 2009లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ యూనివర్సిటీ వాళ్లు 516 మంది పాడి రైతులను అడిగి చూస్తే, ఆవులను పేరుతో పిలిచే ఇళ్లలో ఏడాదికి ఒక్కో ఆవు మీద 258 లీటర్లు ఎక్కువ పాలు వస్తున్నట్టు తేలింది. పేరులో మహిమ ఉందని కాదు. పేరుతో పిలిచే ఇంట్లో ఆ ఆవును విడిగా పట్టించుకునే మనిషి ఒకరు ఉంటారు. మన ఇళ్లలో గౌరి, లక్ష్మి, మల్లి లేని కొట్టం ఉండేది కాదు. ఇప్పుడు పది పదిహేను ఆవులున్న షెడ్లలో "ఆ నల్లది", "మూడో నంబరుది" అని వింటుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇక తన్నే ఆవుకు మనవాళ్లు చేసే వైద్యాలు. కర్ర గురించి కెనడా ప్రయోగం చెప్పేసింది. వెనక కాళ్లకు బంధం వెయ్యడం గురించి నేను మరీ కటువుగా మాట్లాడను. ఈనిన మొదటి రోజుల్లో పిండే మనిషికి దెబ్బ తగలకుండా, మెత్తటి తాడుతో, మోకాళ్ల పైన, వదులుగా, ముందే అలవాటు చేసి వేస్తే దానికో ప్రయోజనం ఉంది. నైలాన్ తాడుతో చర్మం కోసుకుపోయేట్టు బిగించి, ఆవు కింద పడిపోయేదాకా లాగడం మాత్రం హింస. అలా పడిన ఆవుకు తర్వాత బంధం చూస్తేనే వణుకు.

అన్నిటికంటే పాడు వైద్యం సూది. చేపని ఆవుకు రెండు పూటలా ఆక్సిటోసిన్ గుచ్చి పాలు దించుకోవడం. కష్టపడి మచ్చిక చేసుకునే అవసరం లేకుండా చేసింది ఆ చిన్న సీసా. పాలు పెంచడం కోసం పాడి పశువు ఆరోగ్యానికి హాని చేసే సూది ఏది వేసినా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం నేరం, జైలు శిక్ష కూడా ఉంది. అయినా కిరాణా కొట్లలో దొరుకుతుంది, ఎవరూ అడగరు. సూదికి అలవాటైన ఆవు సూది లేకుండా చేపడం మానేస్తుంది. బెదురు అలాగే ఉంటుంది, దానికి తోడు మనిషి చెయ్యి అంటే రోజుకు రెండుసార్లు పొడిచేది అని కూడా గట్టిపడుతుంది.

తన్నే ప్రతి ఆవూ బెదురుతో తన్నదు, అది కూడా చూసుకోవాలి. ముందు నొప్పి ఉందేమో చూడండి. చన్నుల మీద పగుళ్లు, పుండ్లు, పాలలో గడ్డలు, ఒక భాగం వేడిగా ఉండటం, ఈనినప్పటి వాపు తగ్గకపోవడం. పిండేవాళ్ల గోళ్లు చూడండి. బొటనవేలు మడిచి కణుపుతో నొక్కి పిండే అలవాటు మనవైపు బాగా ఉంది, అది చన్నును లోపల దెబ్బతీస్తుంది. గుప్పిట నిండా పట్టి పై నుంచి కిందికి పిండాలి. రోజూ సాధువుగా ఉండే ఆవు ఉన్నట్టుండి తంతే, డాక్టరుకు ఫోన్ చెయ్యాలి తప్ప కర్ర వెతకకూడదు.

జాతి వాదన కూడా ఉంది. దేశవాళీ ఆవులు పొగరువి, సంకరజాతివే నయం అంటారు. తరాల నుంచి వచ్చే స్వభావం కొంత ఉంటుంది, కాదనను. ఒంగోలు ఆవు చురుకైనది, దూడ జోలికి వస్తే ఊరుకోదు. కానీ అదే మన ఒంగోలు జాతి బ్రెజిల్‌కు వెళ్లి నెల్లూరు పేరుతో నెలోర్ అయి, ఇప్పుడు ఆ దేశపు పశువుల్లో అత్యధిక భాగం దాని రక్తమే. వేల ఎకరాల్లో తిరిగే ఆ మందలతో నెమ్మదిగా, అరవకుండా, కొట్టకుండా ఎలా వ్యవహరించాలో సావోపావులో రాష్ట్రంలోని యునెస్ప్ విశ్వవిద్యాలయంలో మాతెయుస్ పరాన్యోస్ డా కోస్టా బృందం ఏళ్లుగా పరిశోధించి, కాపరులకు శిక్షణ ఇస్తోంది. మన జాతి పశువును ఎలా తాకాలో నేర్పే పుస్తకాలు పోర్చుగీసులో ఉన్నాయి. పుట్టిన గడ్డ మీద మాత్రం "ఒంగోలుది మాట వినదు" అంటున్నాం. పుంగనూరు పొట్టి ఆవులను పట్నం ఇళ్లకు కొనుక్కుపోయేవాళ్లకు కూడా ఇదే మాట. ఎత్తు తక్కువైనంత మాత్రాన బెదురు తక్కువ కాదు. కొత్త ఇల్లు, టైల్స్ నేల, చుట్టూ ఫోన్లు పట్టుకున్న జనం ఉంటే అది కూడా మూలకు నక్కుతుంది.

"అంత టైమ్ ఎవరికుంది?" అన్నది మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. తెల్లవారుజామునే పాలకేంద్రానికి పాలు చేరాలి. ఇంటి పని, పొలం పని, పిల్లల బడి. కానీ ఈ పనికి విడిగా గంటలు అక్కర్లేదు. పేడ తీసేటప్పుడు, కుడితి పెట్టేటప్పుడు ఎలాగూ దాని పక్క నుంచి నడుస్తాం. ఆ నడక నిదానంగా, దాని పేరు పిలుస్తూ, భుజం వైపు నుంచి, చేత్తో ఒకసారి నిమిరి సాగాలి. ఇంకో జాగ్రత్త. టీకా వేసేటప్పుడు, చెవికి బిళ్ల గుచ్చేటప్పుడు పెయ్య తల పట్టుకునేది రేపు పాలు పిండబోయే మనిషి కాకూడదు. ఆ మనిషి అంతా అయ్యాక తవుడు గిన్నెతో రావాలి. మా ఇంట్లో పట్టుకునే పని మా ఆయనది, తవుడు పని అత్తయ్యది.

ఇప్పటికే ఈని తన్నుతున్న ఆవుకు కూడా ఇదే దారి, కాకపోతే పూటపూటా పాలు తియ్యక తప్పదు కాబట్టి నెమ్మదిగా సాగుతుంది. రోజూ ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే వైపు నుంచి. జనాన్ని బయటికి పంపండి. దూడను ముందు విడవండి, అది కుడిచి ఆవు చేపాక పక్కకు తీసి తల్లి ముక్కు దగ్గరే కట్టండి, నాకుతూ నిలబడుతుంది. కాళ్లకు దూరంగా కూర్చుని చేతులు చాచడం కంటే దాని ఒంటికి ఆనుకుని కూర్చోవడం నయం, విసురు తగ్గుతుంది. పిండటం అయ్యాక వెంటనే లేచి పోకుండా మెడ గోకి అప్పుడు వెళ్లండి. తన్నిన క్షణంలో మాత్రం పని ఆపి వెళ్లిపోకండి.

ఈ పని చేసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. ఆవు బేరం మాత్రం మగవాళ్లు సంతలో చేసుకొస్తారు. పళ్లు చూస్తారు, పొదుగు చూస్తారు, నడక చూస్తారు. సంతలో ఎండకు, అరుపులకు బిక్కచచ్చి నిలబడ్డ పశువు సాధువుగానే కనపడుతుంది. ఇంటికొచ్చాక తంతుంది. మోసం చేశారని తిట్టుకుని తక్కువ రేటుకు అమ్మేస్తారు. కొన్నవాళ్ల ఇంట్లో ఇంకో కొత్త గొంతు, ఇంకో కొత్త చెయ్యి. చేతులు మారిన కొద్దీ దాని బెదురు పెరుగుతుంది, చివరికి కబేళా లారీ ఎక్కుతుంది. వట్టి భయం వల్ల పోయిన మంచి పాడి ఆవులను నేను చూశాను. వాటిలో రోగం లేదు, పాలకు లోటు లేదు.

అందుకే తొలిచూలు ఆవును కొనేవాళ్లకు నేను చెప్పేది ఇది. సంతలో కాకుండా వీలైతే ఇంటి దగ్గర కొనండి. పాలు పిండే మనిషిని వెంట తీసుకెళ్లండి, బేరం ఆవిడ మాట మీద తేల్చండి. అమ్మే ఇంట్లో దాన్ని ఎవరు చూసుకుంటారో అడిగి వాళ్లతో మాట్లాడండి. ఏ పేరుతో పిలుస్తారు, ఏ వైపు కూర్చుని పిండుతారు, ఏం పెడితే చేత్తో తింటుంది అని అడగండి. ఆ మనిషి వెళ్లి చెయ్యి వేస్తే ఆవు ఎలా నిలబడుతుందో, మీరు వేస్తే ఎలా నిలబడుతుందో చూడండి. మచ్చిక చేసిన పెయ్యకు నాలుగు వేలు ఎక్కువ అడిగితే గీచి గీచి బేరం ఆడకండి, అది ఎవరో నెలల తరబడి చేసిన పనికి కూలి. దాని పాత తాడు, వీలైతే పాత మేత కొంచెం వెంట తెచ్చుకోండి. ఇంటికి చేరాక మొదటి రోజు హారతి ఒక్కరు ఇస్తే చాలు, వీధంతా వచ్చి చూడక్కర్లేదు. కాసిని నీళ్లు, గడ్డి పెట్టి, పక్కన మీ ముసలావును కట్టి, కొంచెం ఎడంగా పీట వేసుకుని కూర్చోండి.